ట్విన్ టవర్స్ ఫోటో తర్వాత
(మన వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈరోజు పొద్దుటి నుంచి జీతాలు, పర్మిట్లు, లెవీ గురించి చాలా విషయాలు విన్నాం. ఇప్పుడు ఫోటోల గురించి మాట్లాడమని కమిటీ వాళ్లు మమ్మల్ని పిలిచారు. ఇంత కష్టాల్లో ఫోటోల ముచ్చట ఎందుకని కొందరికి అనిపించొచ్చు. ఎందుకో చివర్లో చెప్తాం. కాస్త ఓపిక పట్టండి.

మేము ఫోటోగ్రాఫర్లం కాదు. మాలో ఒకరు కట్టడం పనిలో ఉన్నారు, ఇద్దరు పామాయిల్ తోటలో, ఒకరు హోటల్ వంటింట్లో, ఇంకొకరు గిడ్డంగిలో లోడింగ్. ఎవరి దగ్గరా కెమెరా లేదు. ఉన్నది ఫోను, నెలకో రెండు నెలలకో దొరికే ఉమ్మడి సెలవు రోజు.

ఈ దేశంలో దిగగానే మనందరం తీసుకునే మొదటి ఫోటో ఒకటే: ట్విన్ టవర్స్ ముందు నిలబడి. 88 అంతస్తులు, దాదాపు 452 మీటర్ల ఎత్తు. అది ఫోనులో పట్టాలంటే తీసేవాడు నేల మీద పడుకోవాలి. ఆ ఫోటో దిగడంలో తప్పేం లేదు. అమ్మ చూసి సంతోషపడుతుంది. కానీ రెండేళ్లు, మూడేళ్లు గడిచాక ఫోను తెరిచి చూస్తే చాలామంది దగ్గర ఆ టవర్లు, బతు కేవ్స్ మెట్లు, రూములో బిర్యానీ తప్ప ఇంకేం ఉండవు. మిగతా రోజులన్నీ ఎటు పోయాయి?

అందుకని మేము ఒక చిన్న నియమం పెట్టుకున్నాం. సెలవు రోజున ప్రతి ఒక్కరూ, తమకు అప్పటిదాకా తెలియనిదేదో ఒక్కటి ఫోటో తీయాలి. సెల్ఫీ లెక్కలోకి రాదు. సాయంత్రం మామక్ షాపులో కూర్చుని, తే తారిక్ తాగుతూ ఒకరికొకరు చూపించుకోవాలి. అది ఏంటో తెలియకపోతే షాపువాణ్ణో, పక్క టేబుల్ వాళ్లనో అడగాలి. అంతే.

మొదట బోర్డులతో మొదలైంది. సైటు గేటు దగ్గర ఎర్ర అక్షరాలతో ‘బహాయా’ అని బోర్డు రోజూ చూస్తాం. ప్రమాదం అని అర్థమని తెలుసు. ఆ బోర్డు ఫోటో తీసి అడిగినప్పుడు తెలిసింది, అది మన ‘భయ’మేనట. సంస్కృతం నుంచి మలయ్ భాషలోకి వచ్చింది. ఆ తర్వాత కార్మికుల హాస్టల్ గేటు మీద ‘అస్రామా’ అని కనపడింది. అది ‘ఆశ్రమం’. ఒక్కో గదిలో పన్నెండు మంది పడుకునే ఆశ్రమం అని ఆరోజు బాగా నవ్వుకున్నాం. లోడింగ్ చేసే మా తమ్ముడు తన గోడౌన్ బోర్డు తీసుకొచ్చాడు: ‘గుడాంగ్’. అది మన గిడ్డంగికి చుట్టమేనని భాష చదివినవాళ్లు చెప్తారు. తూర్పు తీరం వర్తకులతో సముద్రం దాటి వచ్చిన మాట. ఇన్నాళ్లూ మనం పరాయి భాష అనుకుని తల వంచుకుని వెళ్లిన గేట్ల మీదే మన మాటలు ఉన్నాయి. అది తెలిశాక మలయ్ మాట నేర్చుకోవడానికి మాకు జంకు తగ్గింది. సూపర్‌వైజర్‌తో రెండు ముక్కలు మాట్లాడగలిగితే పనిలో ఎంత తేడా వస్తుందో మీకు చెప్పక్కర్లేదు.

పామాయిల్ తోటలో పనిచేసే అన్న ఒక వారం గుడ్లగూబ ఫోటో పట్టుకొచ్చాడు. కర్ర మీద ఎత్తుగా చెక్క పెట్టె, అందులోంచి తెల్లటి గుండ్రని మొహం. మనకేమో గుడ్లగూబ ఇంటి మీద వాలితే అపశకునం. ఇక్కడ దానికి ఇల్లు కట్టి పెట్టారు. ఎందుకయ్యా అంటే, తోటలో ఎలుకలు పామాయిల్ గెలల్ని కొరికేస్తాయి. మందు పెట్టే బదులు గుడ్లగూబల్ని పెంచుతారు. మలేషియా తోటల్లో ఈ పద్ధతి చాలా ఏళ్లుగా ఉంది. ఆ అన్నది ఏలూరు వైపు. అటు కూడా ఇప్పుడు పామాయిల్ తోటలే, పామాయిల్ పరిశోధన సంస్థ ఉన్న పెదవేగి వాళ్ల పక్కనే. ఆ ఫోటో ఊళ్లో బాబాయికి పంపితే, రోజూ డబ్బు సంగతి తప్ప మాట్లాడని మనిషి ఆరోజు గంటసేపు ఫోను వదల్లేదట. పెట్టె ఎంత వెడల్పు, కంత ఎంత, కర్ర ఎంత ఎత్తు అని ఒకటే ప్రశ్నలు.

ఇంకోసారి అందరం కలిసి వ్యాను మాట్లాడుకుని సముద్రం పక్క రోడ్డు పట్టుకుని ఉత్తరానికి వెళ్లాం. కౌలాలంపూర్ నుంచి సుమారు 100 కిలోమీటర్లు పోతే సెకిన్‌చాన్ అనే ఊరు. వ్యాను ఒక మలుపు తిరిగింది, ఒక్కసారిగా వరి చేలు! కనుచూపు మేర పసుపు. మలేషియా అంటే రబ్బరు, పామాయిల్, కాంక్రీటు అనుకుంటున్న మాకు నోట మాట రాలేదు. కోనసీమ తమ్ముడైతే గట్టు మీద చెప్పులు విడిచి దిగిపోయాడు. ఏడాదికి రెండు పంటలు పండే నేల అది. కోత మిషను ముందుకు పోతుంటే వెనకాలే తెల్ల కొంగలు వరసగా నడుస్తున్నాయి. మన దగ్గర దుక్కి దున్నేటప్పుడు నడిచినట్టే. ఆరోజు ఎవరి ఫోనులో చూసినా కొంగలే.

అదే దారిలో బెర్నమ్ నది దాటితే పెరాక్ రాష్ట్రం. అక్కడ బాగాన్ దాతుక్. కొబ్బరి తోటల ఊరు. మన తెలుగువాళ్లు ఈ దేశంలో పాతుకున్న చోట్లలో అది ముఖ్యమైనది. తెల్లదొరల కాలంలో కంగాణీలు ఊళ్లు తిరిగి మనుషుల్ని పోగుచేసి, ఓడ ఎక్కించి ఈ తోటలకు తెచ్చారు. 1938లో అప్పటి భారత ప్రభుత్వం అలా కూలీలను పంపడం ఆపేసింది. అప్పటికి వచ్చినవాళ్లలో చాలామంది ఇక్కడే ఉండిపోయారు. వాళ్ల పిల్లలు, మనవలు ఈ దేశపు పౌరులు. 1981లో రెండో ప్రపంచ తెలుగు మహాసభలు కౌలాలంపూర్‌లో జరిగాయంటే ఆ తరాలు నిలబెట్టుకున్న తెలుగే దానికి కారణం.

ఇవన్నీ మేము తర్వాత తెలుసుకున్నవి. ఆరోజు మాత్రం కొబ్బరి చెట్ల మధ్య ఒక పాత చెక్క ఇల్లు బాగుందని ఫోటో తీయబోయాం. అడగకుండా తీయకూడదు కాబట్టి గేటు దగ్గర ఆగి, మలయ్‌లో అడుగుదామని మాటలు కూడబలుక్కుంటున్నాం. లోపలి నుంచి ఎనభై ఏళ్లు దాటిన అవ్వ ఒకావిడ వచ్చి, “ఏ ఊరు నాయినా మీది? ఆ దేశం నించేనా వచ్చేరు?” అంది. అచ్చం విజయనగరం యాస. ఆవిడ ఎన్నడూ అటు వెళ్లలేదు. అమ్మానాన్నలది “ఇసాపట్నం జిల్లా” అని తెలుసు, ఊరి పేరు తెలీదు. గోడ మీద ఉన్న తల్లిదండ్రుల ఫోటో తెచ్చి ఒళ్లో పెట్టుకుని, దాంతో కలిపి తీయమంది. అద్దం మెరుస్తోంటే మా వాడు తన టోపీ అడ్డం పెట్టాడు. ఫోనులో చూపిస్తే సరిగా చూడనే లేదు. “కాయితం మీద ఇయ్యి బాబూ” అంది. కొన్ని రింగిట్లతో ప్రింటు తీయించి పోస్టులో పంపాం. మా ఫోటోల్లో ఎవరికైనా నిజంగా పనికొచ్చింది ఏదంటే అదే.

ఫోటోలో పడనివి కూడా ఉన్నాయి. కువాలా సెలంగోర్ దగ్గర కంపుంగ్ కువాంతాన్ అని ఉంది. రాత్రి తెడ్డు పడవలో నది మీద తీసుకెళ్తారు. ఒడ్డున బెరెంబాంగ్ చెట్ల నిండా మిణుగురులు. వేలకొద్దీ పురుగులు ఒకే లయలో వెలుగుతూ ఆరుతూ ఉంటాయి. ఫ్లాష్ వాడనివ్వరు, వాడకూడదు కూడా. ఫోనులో నల్లగా తప్ప ఏం రాలేదు. ఆ నల్ల ఫోటోలు మేము తీసేయలేదు. ఫోను లోపల పెట్టి కళ్లతో చూసిన రాత్రి అది.

మనలాంటి కూలి మనుషులు ఫోటోలు తీస్తే ఏమొస్తుందని అడిగేవాళ్లకు జైజా క్రూజ్ బకానీ గురించి చెప్తాం. ఫిలిప్పీన్స్ అమ్మాయి. హాంకాంగ్‌లో పదేళ్ల దాకా ఇంటిపని చేసింది. యజమానురాలి దగ్గర అప్పు చేసి కెమెరా కొనుక్కుంది. సెలవు రోజున వీధులు, తనలాంటి పనివాళ్లను తీసింది. 2014లో న్యూయార్క్ టైమ్స్ ఆమె ఫోటోలు వేసింది. 2018లో వలస కార్మికుల మీద ఫోటోల పుస్తకం తెచ్చింది. అందరం బకానీలు అవుతామని చెప్పడం లేదు. మన బతుకు గురించి బయటి నుంచి వచ్చి తీసేవాళ్లు ఎప్పుడూ ఉంటారు, లోపల ఉన్నవాళ్లు తీస్తే వేరేగా ఉంటుందని చెప్తున్నాం.

ఇప్పుడు కొన్ని జాగ్రత్తలు. ‘కవాసన్ లరాంగన్’ అని ఎర్ర బోర్డు, దాని మీద తుపాకీ పట్టిన సైనికుడి బొమ్మ కనపడితే అక్కడ ఫోను జేబులో పెట్టేయండి. అది నిషేధిత ప్రాంతం. ఫ్యాక్టరీ లోపల మిషన్లు తీసే ముందు అక్కడి రూలు కనుక్కోండి. ఆడవాళ్లను, పిల్లలను అడగకుండా తీయొద్దు. అన్నిటికంటే ముఖ్యం: తోటి పనివాడి ఫోటో వాడు సరే అంటే తప్ప ఫేస్‌బుక్‌లో పెట్టొద్దు. వాడి పర్మిట్ సంగతి మనకు తెలియదు. మొహం, వెనక బోర్డు మీద అడ్రసు కలిసి కనపడితే వాడి నెత్తి మీదకు తెచ్చినట్టే.

అలాగే తీయాల్సినవి కూడా ఉన్నాయి. పాస్‌పోర్టు పేజీలు, పర్మిట్, కాంట్రాక్టు, ప్రతి నెలా జీతం చీటీ ఫోటో తీసి ఇంటికి పంపి ఉంచండి. చట్టప్రకారం అధికారం లేకుండా మీ పాస్‌పోర్టు ఇంకొకరు దగ్గర పెట్టుకోవడం ఇక్కడి 1966 పాస్‌పోర్టు చట్టం కింద నేరం. పనిలో దెబ్బ తగిలితే దెబ్బ, జరిగిన చోటు, తేదీ కనపడేలా ఎవరైనా ఫోటో తీయాలి. 2019 జనవరి 1 నుంచి పర్మిట్ ఉన్న విదేశీ కార్మికులకు కూడా పెర్కెసో ప్రమాద బీమా ఉంది. అడిగేటప్పుడు ఆ ఫోటో చేతిలో ఉంటే బలం.

ఇక మొదట్లో చెప్పిన మాటకొస్తాం. ఈ ఏడాది మాలో ఒకరికి ఊరి నుంచి కుర్రాడు ఫోను చేశాడు. “అన్నా, నీ టవర్ల ఫోటో చూశాను, నేనూ వస్తున్నా. ఏజెంటు వీసా కూడా అక్కర్లేదన్నాడు.” నిజమే, 2023 డిసెంబరు నుంచి మన దేశం వాళ్లు 30 రోజులు వీసా లేకుండా రావొచ్చు. కానీ అది చూడ్డానికి వచ్చేవాళ్లకు. పని చేయడానికి కాదు. పదో తరగతి పాసవని వాళ్ల పాస్‌పోర్టు మీద ఇ.సి.ఆర్. ఉంటుంది. అలాంటివాళ్లు మలేషియాకు పనికి రావాలంటే ఇ-మైగ్రేట్‌లో రిజిస్టరైన ఏజెంటు ద్వారా క్లియరెన్స్ తీసుకోవాలి. ఈ సంగతి ఎంత చెప్పినా కుర్రాడికి ఎక్కలేదు. “నువ్వు బాగుపడ్డావు, నన్ను రావొద్దంటున్నావా” అన్నాడు.

అప్పుడు మా అన్న మాటలు ఆపి ఫోటోలు పంపాడు. రేకుల కొంగ్సీ, వానకు లోపల తడిసిన పరుపు, ఒక్క కుళాయి దగ్గర పొద్దున అయిదింటికి నిలబడ్డ వరస, బహాయా బోర్డు. వాటితో పాటే సెకిన్‌చాన్ చేలు, అవ్వ ఫోటో కూడా పంపాడు, ఎందుకంటే అదీ నిజమే. జీతం చీటీ మీద కోతలు ఎంతో చూపించాడు. రెండు రోజులు జవాబు లేదు. మూడో రోజు అడిగాడు: “ఇ-మైగ్రేట్ అంటే ఏంటన్నా?” అప్పటికి ఏజెంటుకు డబ్బు కట్టలేదు. ఇప్పుడు కాగితాలు సరిగా చూసుకుంటున్నాడు. వస్తాడో రాడో వాడి ఇష్టం. వస్తే మాత్రం తెలిసి వస్తాడు.

మా ప్రతిపాదన ఒక్కటే. వచ్చే ఏడాది ఈ సంచికలో నాలుగు పేజీలు మన ఫోటోలకు ఇవ్వాలని కమిటీని అడుగుతున్నాం. ఒక్కొక్కరు ఒక్కటి పంపండి. కింద మూడు ముక్కలు రాయండి: ఎక్కడ, ఎప్పుడు, అప్పటిదాకా మీకు ఏం తెలియదు. పేరు వేయొద్దంటే వేయం. రాయడం రాకపోతే వాయిస్ పంపండి, మేం రాస్తాం. వచ్చే నెల మొదటి ఆదివారం పొద్దున ఏడింటికి మస్జిద్ జామెక్ స్టేషన్ బయట ఉంటాం, రెండు నదులు కలిసే చోట. ఖర్చేం లేదు, ఫోను ఛార్జింగ్ పెట్టుకుని రండి.