దేశాభివృద్ధి – శక్తి వినియోగం

(పాఠశాల ప్లాటినం జూబ్లీ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ శుభసందర్భంలో జాతికి సంబంధించిన ఒక విషయంపై ప్రసంగించవలసిందిగా ఉత్సవ సంఘం వారు నన్ను ఆదేశించారు. ఒక దేశం ఆర్థికంగా ఎదిగేకొద్దీ దాని శక్తి వినియోగం ఏ విధంగా మారుతుందన్నది నేను ఎన్నుకున్న విషయం. ఇది అర్థశాస్త్ర గ్రంథాలకు మాత్రమే చెందినదిగా తోచవచ్చు. కాని భారతదేశంలో ఈ చరిత్ర తొలి అధ్యాయాలలో ఒకటి మనం నిలిచివున్న ఈ కోలారు బంగారు గనుల నేలమీదనే జరిగింది. కాబట్టి ఇక్కడి నుండే ప్రారంభిస్తాను.

19వ శతాబ్ది చివరి రెండు దశాబ్దాలలో ఇక్కడి గనులు వేగంగా విస్తరించాయి. చిత్తూరు, ఉత్తర ఆర్కాటు ప్రాంతాల నుండి మన పూర్వులెందరో పని వెదుక్కుంటూ ఇక్కడికి చేరారు. గని లోతు పెరిగేకొద్దీ ఊటనీటిని తోడిపోయడానికి, ఖనిజాన్ని పైకి లాగడానికి, రాతిని పిండి చేయడానికి అంతకంతకు ఎక్కువ శక్తి అవసరమైంది. ఆవిరి యంత్రాలకు కట్టెలు కావాలి, బొగ్గు కావాలి. ఈ పరిసరాలలో బొగ్గు దొరకదు. దూరప్రాంతాల నుండి తెప్పించాలి. కట్టెల కోసం అడవులు తరగాలి.

ఈ చిక్కుకు పరిష్కారం కావేరీ జలపాతంలో లభించింది. దివాన్ శేషాద్రి అయ్యర్ గారి ప్రోత్సాహంతో మైసూరు సంస్థానం శివనసముద్రం వద్ద జలవిద్యుత్ కేంద్రాన్ని నిర్మించింది. 1902లో అక్కడి విద్యుత్తు సుమారు 147 కిలోమీటర్లు ప్రయాణించి ఈ గనులను చేరింది. ఆనాటి ప్రపంచంలోని అతి పొడవైన విద్యుత్ మార్గాలలో అది ఒకటి. 1901లోనే కన్నుమూసిన శేషాద్రి అయ్యర్ గారు ఆ ఫలితాన్ని చూడలేకపోయారు.

ఇక్కడ మొదటి పాఠం ఉన్నది. ఆ విద్యుత్తు ముందుగా ఇళ్లలో దీపాలు వెలిగించడానికి రాలేదు. బంగారం తవ్వడానికి వచ్చింది. బెంగళూరు వీధులకు విద్యుద్దీపాలు 1905లో వచ్చాయి. తీగల కింది పల్లెలు మాత్రం మరి కొన్ని దశాబ్దాలు నూనె దీపాలతోనే గడిపాయి. శక్తి ముందుగా అవసరమున్న చోటికి కాక, ఖరీదు చెల్లించగల చోటికి ప్రవహిస్తుంది. అభివృద్ధి తొలిదశలో అన్ని దేశాలలోను సాధారణంగా కనిపించే లక్షణమిది.

రెండవ పాఠం కన్నంబాడి ఆనకట్ట చెబుతుంది. వేసవిలో కావేరి సన్నగిల్లితే గనులకు విద్యుత్తు తగ్గేది. 1911లో పనులు ఆరంభమైన ఆ ఆనకట్ట ఉద్దేశాలలో పొలాలకు నీరివ్వడంతోపాటు శివనసముద్రానికి నిలకడగా నీరందించడం కూడా ఒకటి. ఆనాటి చీఫ్ ఇంజనీరు విశ్వేశ్వరయ్య గారు. వారి ఇంటిపేరైన మోక్షగుండం మన తెలుగునాటి గ్రామమే. అంటే అభివృద్ధి శక్తిని కోరితే, ఆ శక్తి కోసం చేసిన నిర్మాణం తిరిగి మరొక అభివృద్ధికి పునాది అయింది. ఈ రెండింటిలో ఏది కారణం, ఏది ఫలితం అని విడదీయడం సులభం కాదు.

ఇక దేశమంతటిని చూద్దాం. 1947లో మన దేశపు విద్యుదుత్పత్తి సామర్థ్యం 1,362 మెగావాట్లు. సగటున ఒక్కొక్కరి వినియోగం ఏడాదికి సుమారు 16 యూనిట్లు. 2023-24 నాటికి అది 1,395 యూనిట్లకు చేరింది. అయినప్పటికీ ప్రపంచ సగటు మనకు రెండు రెట్లకు పైగా ఉన్నది. కనుక మన దేశంలో శక్తి వినియోగం పెరగడాన్ని దుబారాగా మాత్రమే చూడరాదు. అందులో పంపుసెట్టు ఉన్నది, ఆసుపత్రి ఉన్నది, రాత్రి చదువుకునే పిల్లవాడి దీపమూ ఉన్నది.

అయితే పెరుగుదల ఒకే తీరున సాగదు. మొదట ఇంధనం మారుతుంది. కట్టెల పొయ్యిలో వేడి చాలావరకు వృథా అవుతుంది. పొగ తల్లి ఊపిరితిత్తులకు చేరుతుంది. 2016లో మొదలైన ఉజ్జ్వల పథకం కింద 10 కోట్లకు పైగా గ్యాస్ కనెక్షన్లు ఇచ్చారు. కనెక్షన్ తీసుకున్న ప్రతి ఇల్లూ రెండవ సిలిండర్ కొనగలగాలి. అప్పుడే అది నిజమైన మార్పు.

తరువాత పనులు మారుతాయి. ఉక్కు, సిమెంటు తయారీకి శక్తి అధికంగా కావాలి. కార్యాలయాలలో జరిగే సేవారంగపు పనికి అదే ఆదాయం మీద తక్కువ శక్తి చాలుతుంది. అందువల్ల దేశం ఒక దశ దాటిన పిమ్మట, సంపాదించే ప్రతి రూపాయికి ఖర్చయ్యే శక్తి తగ్గుతూ వస్తుంది. లెక్కలలో ఇది మంచి వార్తయే. కాని 2001 ఫిబ్రవరి 28న ఈ గనులు మూతపడినప్పుడు యంత్రాలతోపాటు వేలాది కుటుంబాల జీవనం ఆగిపోయింది. తెల్లవారకముందే బెంగళూరు రైలెక్కే మన ఊరి యువకులను అడిగితే ఆ మార్పు వెల ఎంతో చెబుతారు.

మూడవది పరికరాల మార్పు. 60 వాట్ల బల్బు ఇచ్చే వెలుతురును నేడు సుమారు 9 వాట్ల ఎల్.ఇ.డి. ఇస్తున్నది. 2015లో ప్రారంభమైన ఉజాలా పథకంలో ఇటువంటి బల్బులు 36 కోట్లకు పైగా పంపిణీ అయ్యాయి. దీపంలో ఆదా చేసిన ఇంట్లోకే ఫ్రిజ్ వస్తుంది, ఏ.సి. వస్తుంది. పొదుపు ఎంత చేసినా మొత్తం వాడకం పెరుగుతూనే ఉండడానికి ఇదొక కారణం.

మరి ఆ శక్తి ఎక్కడి నుండి రావాలి? 2023-24లో కూడా మన విద్యుత్తులో సుమారు నాలుగింట మూడు వంతులు బొగ్గు నుండే వచ్చింది. మార్పు మాత్రం మొదలైంది. మన రాష్ట్రంలోనే, తెలుగు మాట్లాడే ప్రజలు అధికంగా ఉన్న పావగడ తాలూకాలో, కరువుతో బీడుపడిన సుమారు 13,000 ఎకరాలలో 2,050 మెగావాట్ల సౌరవిద్యుత్ కేంద్రం 2019లో పూర్తయింది. అక్కడ రైతుల భూమిని కొనలేదు, కౌలుకు తీసుకున్నారు. ప్రారంభంలో ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు. వాన లేని ఏడాది కూడా రైతుకు ఆదాయమున్నది. శివనసముద్రం నాటి పద్ధతికంటే ఇది మెరుగు. అయినా ఒక ప్రశ్న మిగిలేవున్నది. ఆ భూమిలో కూలి చేసుకున్నవారికి సొంత భూమి లేదు; కాబట్టి కౌలూ లేదు. కలుపు తీసే చేతులకు సౌరఫలకాల మధ్య పని బహు తక్కువ.

అందుచేత నేను చెప్పదలచినది ఇదే. శక్తి వినియోగం ఎంత పెరిగిందన్నది అభివృద్ధికి ఒక కొలత మాత్రమే. ఆ శక్తి ముందుగా ఎవరిని చేరింది, దాని కోసం ఎవరు ఏమి వదులుకున్నారు, పని పోయినవారికి మరో దారి చూపారా అన్నవి కూడా కొలతలే. ఈ ప్రశ్నలు అడిగే హక్కు ఈ గనుల పట్టణానికి ఉన్నంతగా మరెవరికున్నది?

విద్యార్థులారా! ఈ సాయంత్రం మీ ఇంటి కరెంటు బిల్లు తీసి, ఈ నెల ఎన్ని యూనిట్లు వాడారో చూడండి. అనంతరం మీ తాతగారినో, అమ్మమ్మగారినో కూర్చోబెట్టి, వారి ఇంట మొదటి దీపం ఏ సంవత్సరం వెలిగిందో అడిగి నోటుపుస్తకంలో వ్రాసుకోండి. రేపు మీలో ఇంజనీర్లయ్యేవారు, అధికారులయ్యేవారు ఉంటారు. తీగ ఎటు లాగాలో నిర్ణయించే రోజున ఆ పుట ఒకసారి తిప్పి చూడండి.