చిన్న గణకయంత్రము – పంకా లెక్క



మన జిల్లా కొల్చారము వాడని చెప్పుకొను మల్లినాథసూరి వ్యాఖ్యలను గూర్చి మాట్లాడుమని కార్యవర్గమువారు నన్ను గోరిరి. సూరి అవసరము లేనిది చెప్పనని వ్రతము పట్టినవాడు. ఈ పఠనాలయమునకు నేడు అవసరమైనది పంకా సంగతి గనుక దానినే చెప్పెదను.

మూలబల్లపై నున్న రాస్ప్‌బెర్రీ పై 5 అను గణకయంత్రము అరచేతిలో నిముడును. 2023లో ఇంగ్లండునందలి కేంబ్రిడ్జివారు దీనిని వెలువరించిరి. పుస్తకముల పట్టిక, చందాల లెక్క, పిల్లల ఉద్యోగ దరఖాస్తులు దీనిమీదనే నడచుచున్నవి. పని హెచ్చినకొలది ఇది వేడెక్కును. 80 డిగ్రీలు చేరినచో తన వేగమును తానే తగ్గించుకొనును. 85 దాటినచో మఱింత కుంటుపడును. కాలిపోకుండుటకై అది చేసికొను ఉపాయమది. కాని గత వైశాఖమున ఆ ఉపాయము ఒక యువకునికి శాపమైనది. గడువు ముగియు సాయంత్రమున యంత్రము నత్తవలె నడచి, అతని దరఖాస్తు చేరలేదు. దుమ్ము పడునని దానిని బీరువాలో మూసియుంచినవాడను నేనే. ఆ యువకుడు నన్నొక మాటయు అనలేదు, అనియుండినచో బాగుండెడిది.

దానికి పిమ్మట పంకా తెప్పించితిమి. దానికి నాలుగు మెట్లు. 50 డిగ్రీలకు లోపల తిరుగదు. 50కి నూటికి 30 వంతుల వేగము, 60కి సగము, 67.5కి 70 వంతులు, 75కి పూర్ణవేగము. దిగునపుడు మాత్రము 5 డిగ్రీలు తగ్గినగాని మెట్టు దిగదు. 50 వద్ద లేచినది 45కు వచ్చినగాని నిద్రింపదు. ఘనపురం ఆనకట్ట క్రింది రైతులకు దీని మర్మము చెప్పనక్కఱలేదు. నీరు అంగుళము హెచ్చినపుడెల్ల తూము ఎత్తి, అంగుళము తగ్గినపుడెల్ల దించువానిని ఎవరు మెచ్చుదురు?

పంకా రొద చదువునకు అడ్డమని కొందఱనిరి. మొదటి మెట్టును 55కు జరుపబూనితిని. కాన్ఫిగ్ అను పత్రమున 'డీటీపారమ్=ఫ్యాన్_టెంప్0=55000' అని యొక పంక్తి చేర్చి యంత్రమును మరల ప్రారంభించిన చాలును. వేడిని డిగ్రీలో వేయవ వంతులుగా వ్రాయవలెను. నేను 55 అని మాత్రమే వ్రాసితిని. ముప్పదియేండ్లు లెక్కలు వ్రాసిన చేయి మూడు సున్నలు మఱచినది! అంత చలి మెదకులో ఏ మాఘమాసపు తెల్లవారుజామునను పడదు గనుక పంకా మూడు దినములు క్షణమైనను ఆగలేదు. అది చెడినదని తలచి క్రొత్తదానికి చీటి కూడ వ్రాసితిని. ఇంటర్మీడియెట్ చదువు బాలిక యొకతె ఆ పంక్తి చూచి, "పెద్దబాపూ, సున్నలేవి?" అనినది. చీటి చింపివేసితిని.

పంకా శక్తికి హద్దు గలదు. గదిలోని గాలిని అది యంత్రముపై వీచునే గాని ఆ గాలికంటె చల్లగా చేయజాలదు. ఎండకాలపు మధ్యాహ్నము గదియే 40 దాటినపుడు ఏ అంకె వ్రాసినను పంకా తిరుగకమానదు. ఆ రొదను పాఠకులు సహింపవలెను. యంత్రమునిప్పుడు బీరువా వెలుపల, ఎండ సోకని ఉత్తరపు గోడవైపు ఉంచితిమి. పదునైదు దినములకొకసారి కుంచెతో పంకా దుమ్ము దులుపుచున్నాము. 'వీసీజెన్‌సీఎండీ మెజర్_టెంప్' అను ఆజ్ఞ నిచ్చినచో అప్పటి వేడి తెరపై కనబడును. మధ్యాహ్నము రెండు గంటలకు వచ్చువారెవరైనను దానిని చూచి, ప్రక్కనున్న ఎఱ్ఱ అట్ట పుస్తకమున తేదీతో వ్రాయగోరెదను. 75 దాటినచో నాకు కబురంపుడు.