వెన్ను శస్త్రచికిత్స పిదప కూర్చుండు విధము, వస్త్రధారణము
(పోషకుల సభయందలి ప్రసంగ పాఠము)



పాఠశాల సభలో నడుము నొప్పిని గూర్చిన ప్రసంగమేల యని మీకు తోచవచ్చును. ఇంట సంపాదించువారు మంచము పట్టినచో పిల్లల చదువునకే మొదట ముప్పు వాటిల్లును. కావున ఇది పాఠశాలకు సంబంధించిన విషయమే యని మేము తలంచితిమి.

తెలంగాణమునుండి భివండీకి వచ్చిన మన నేతపనివారు సాంచాల నడుమ గంటల తరబడి నిలిచియుందురు. తెగిన పోగు నతుకుటకు మాటిమాటికి వంగుదురు. బరువైన బీముల నెత్తుదురు. బీడీలు చుట్టు స్త్రీలు చేటను ఒడిలో నుంచుకొని నేలపై వంగి కూర్చుందురు. ఈ భారమంతయు నడుమే మోయవలసియున్నది.

నడుము భాగమున అయిదు వెన్నుపూసలు, వాని నడుమ మెత్తని బిళ్లలు కలవు. బిళ్లలోని పదార్థము వెలికుబికి నరము నొక్కినచో నొప్పి పిరుదునుండి కాలిలోనికి దిగును. అమెరికా దేశపు బోస్టను నగర వైద్యులైన మిక్స్టర్, బార్ అనువారు 1934లో ఈ సంగతిని లోకమునకు స్పష్టపరచిరి. పెక్కుమందికి ఈ నొప్పి శస్త్రచికిత్స లేకయే తగ్గును. కొందరికే అది యవసరమగును.

చికిత్స యనంతరము ఇంటిలో గడపు వారములు మిక్కిలి ముఖ్యమైనవి. పైకుట్లు మానినంతనే లోపలి భాగము గట్టిపడినదని భ్రమపడరాదు. వంగుట, మెలిదిరుగుట, బరువెత్తుట అను మూడింటిని వైద్యుడు అనుమతించువరకు మానవలెను. మెల్లగ నడచుట మాత్రము మేలు.

కూర్చుండుటకు చాపయు, పొట్టి పీటయు పనికిరావు. చేతులు గల గట్టి కుర్చీ కావలెను. పాదములు నేలపై ఆనవలెను. మోకాళ్లు తుంటికన్న ఎత్తుగ నుండరాదు. నడుము వెనుక చుట్టిన తువ్వాలు నుంచవలెను. ఇరువది, ముప్పది నిమిషముల కొకసారి లేచి నాలుగడుగులు వేయవలెను. లేచునపుడు కుర్చీ అంచునకు జరిగి, చేతులపై బలము మోపి, కాళ్లతో లేవవలెను. మంచము దిగునపుడు భుజములు, తుంటి ఒక్కసారిగా త్రిప్పి ప్రక్కకు ఒరిగి, కాళ్లు క్రిందికి దింపుచు చేతులతో లేవవలెను. మరుగుదొడ్డిలో గొంతుక కూర్చుండుటకు మారుగా కమోడు కుర్చీ నుపయోగించుట మేలు. ఆటోలో మొదట కూర్చుండి, పిదప రెండు కాళ్లను కలిపి లోనికి త్రిప్పుకొనవలెను.

వస్త్రములను ముందుగనే నడుమెత్తున ప్రక్కన నుంచుకొనవలెను. ఒంటికాలిపై నిలిచి పంట్లాము తొడుగుకొనుట అపాయకరము. కుర్చీపై కూర్చుండియే తొడుగుకొనవలెను. నొప్పి గల కాలిని మొదట దూర్చవలెను. విప్పునపుడు దానిని చివర తీయవలెను. పాదమును అందుకొనుటకు వంగరాదు. కొక్కెము గల పొడుగు కఱ్ఱతో వస్త్రమును పైకి లాగుకొనవచ్చును. కొన్నాళ్లు వదులైన లుంగీ, ముందు గుండీలు గల చొక్కా సుఖకరము. స్త్రీలు చీర కుచ్చిళ్లను నిటారుగ నిలిచి పెట్టుకొనవచ్చును. క్రింది అంచును మరియొకరు సర్దవలెను. త్రాళ్లు కట్టు జోళ్లు వలదు. జారని అడుగు గల, వంగక తొడుగుకొన వీలైన పాదరక్షలు వాడవలెను. తడినేలపై నిలిచి బట్టలు మార్చుకొనరాదు.

మూత్ర మలములు పట్టు తప్పినను, మూత్రము బిగించినను, తొడల సందున తిమ్మిరి యెక్కినను, కాలు క్రొత్తగ బలహీనమైనను, జ్వరము వచ్చినను, గాయమునుండి చీము గాని నీరు గాని కారినను తెల్లవారువరకు వేచియుండక తక్షణమే ఆస్పత్రికి పోవలెను. పొగాకు గాయము మానుటకు ఆటంకము, దానిని విడువవలెను.

మీటరు లెక్కన కూలి వచ్చు ఇంటిలో విశ్రాంతి తీసికొనుట యెంత కష్టమో మేమెఱుగుదుము. అయినను వైద్యుని మాట మీరి తొందరపడి సాంచా వద్దకు పోయి బీము నెత్తినచో, నెల మిగిల్చుకొనబోయి ఏడాదిని పోగొట్టుకొందురు. ఇరుగుపొరుగువారు నీళ్ల బిందె మోసి, పిల్లలు క్రిందపడిన వస్తువు నందించి తోడ్పడిన చాలును. అయితే రోగి సేవ కొఱకు ఏ బాలుని గాని బాలికను గాని బడి మాన్పింపవలదని, అట్టి యిబ్బంది కలిగినపుడు ఉపాధ్యాయులకు తెలుపవలెనని మిమ్ము సవినయముగ ప్రార్థించుచున్నాము.