తెలియదని చెప్పడానికి సిగ్గెందుకు?

(అల్ నహ్దాలో తెలుగు మిత్రుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)



"బైబిలు చదవాలని ఉందండీ, కానీ నాకంత అర్హత ఎక్కడిది?" ఈ మాట మన అల్ నహ్దాలో చాలాసార్లు విన్నాను. లిఫ్టులో విన్నాను, కిరాణా కొట్టు దగ్గర విన్నాను. ఒకరు చదువు లేదంటారు. ఒకరు తాగుడు మానలేదంటారు. ఇంకొకరు ఇరవై ఏళ్లుగా చర్చి ముఖం చూడలేదంటారు. పిల్లలేమో తెలుగు చదవడం రాదంటారు. అందరికన్నా ముందు ఈ మాట అనుకున్నవాణ్ణి నేనే కనుక నా సంగతితోనే మొదలుపెడతాను.

గల్ఫుకు వచ్చిన కొత్తలో ఒక ప్రార్థన కూడికలో నన్ను నెహెమ్యా గ్రంథం 8వ అధ్యాయం చదవమన్నారు. చిన్నప్పుడు సండే స్కూలుకు వెళ్ళినవాణ్ణే. అయినా ఆ పుస్తకం పాత నిబంధనలో ఉందో కొత్త నిబంధనలో ఉందో గుర్తు రాలేదు. పేజీలు తిప్పుతుంటే చెమటలు పట్టాయి. పక్కన కూర్చున్న పన్నెండేళ్ల పాప తీసి చూపించింది. కళ్లజోడు మర్చిపోయానని అబద్ధమాడి పుస్తకం ఆ పాపకే ఇచ్చేశాను. తర్వాత మూడు నెలలు ఆ కూడిక వైపు వెళ్ళలేదు.

చివరకు ఒక రాత్రి, తప్పించుకున్న ఆ అధ్యాయాన్నే ఒంటరిగా చదివాను. చెర నుండి తిరిగి వచ్చిన ప్రజలు యెరూషలేములో నీటి గుమ్మం ఎదుట గుమిగూడారు. ఎజ్రా ఉదయం మొదలు మధ్యాహ్నం వరకు ధర్మశాస్త్రం చదివాడు. లేవీయులు జనానికి అర్థం విడమర్చి చెప్పారు. వింటున్నవాళ్లు ఏడ్చారు. ఇన్నాళ్లూ ఎంత పోగొట్టుకున్నామోనని వాళ్లు ఏడ్చారని నాకనిపిస్తుంది. అప్పుడు పెద్దలు వాళ్లను మందలించలేదు. ఏడవవద్దన్నారు. ఇంటికి వెళ్లి మంచి భోజనం చేయమన్నారు, ఏమీ లేనివారికి వంతులు పంపమన్నారు. నేను సిగ్గుపడి పారిపోయిన అధ్యాయంలో ఉన్నది నాలాంటివాళ్లే!

లేఖనాలలో ఇలాంటివారు ఇంకా ఉన్నారు. మోషే తనకు మాట తిరగదన్నాడు. యిర్మీయా తాను బాలుణ్ణన్నాడు. అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో ఐతియొపీయుడైన మంత్రి రథంలో కూర్చుని యెషయా గ్రంథం చదువుతుంటాడు. రాణిగారి ధనాగారం మొత్తం ఆయన చేతిలో ఉంది. అర్థమవుతోందా అని ఫిలిప్పు అడిగితే, ఎవరైనా చెప్పకపోతే ఎలా తెలుస్తుందన్నాడు. దర్పం చూపలేదు, కళ్లజోడు మర్చిపోయానని అనలేదు. ఫిలిప్పును రథమెక్కించుకున్నాడు.

ఈ పుస్తకం మన భాషలోకి వచ్చిన తీరు కూడా అలాంటిదే. 18వ శతాబ్దంలో జర్మన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్ తెలుగులోకి అనువదించాడు. అది అచ్చు కాలేదు. 1805లో జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ విశాఖపట్నం వచ్చి తెలుగు నేర్చుకున్నారు. ఆనందరాయర్ అనే బ్రాహ్మణ విశ్వాసి తోడ్పడ్డాడు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యేనాటికి ఆ ఇద్దరు మిషనరీలూ కన్నుమూశారు. మొత్తం బైబిలు అచ్చులో రావడానికి ఇంకా నాలుగు దశాబ్దాలకు పైగా పట్టింది. పూర్తిగా వచ్చాకనే మొదలుపెడదామని వాళ్లు అనుకుని ఉంటే మన చేతిలో ఏముండేది?

తమిళుడైన వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1909లో దోర్నకల్ వచ్చేనాటికి ఆయన వయసు దాదాపు 35 ఏళ్లు. ఆ వయసులో తెలుగు నేర్చుకుని, 1912లో బిషప్పయి, అక్షరం రాని పల్లెజనానికి పాటల ద్వారా, కంఠస్థం ద్వారా వాక్యం నేర్పించారు. చదవడం రాకపోవడం అక్కడ అడ్డు కాలేదు.

మనం ఉంటున్న పేటకు కూడా ఒక అర్థముంది. అరబ్బీలో 'నహ్దా' అంటే మేలుకొలుపు, పునరుజ్జీవనం. 19వ శతాబ్దపు అరబ్ సాహిత్య పునరుజ్జీవనానికీ ఇదే పేరు. ఆ ఉద్యమపు పెద్దలు బుత్రుస్ అల్ బుస్తానీ, నాసీఫ్ అల్ యాజిజీ అరబ్బీ బైబిలు అనువాదంలో పాలుపంచుకున్నారు. అంతటి పండితులు కూడా ఇతరులతో కలిసే ఆ పని చేశారు.

అందుచేత నా మనవి ఇది. ప్రొటెస్టెంటు బైబిలులో 66 పుస్తకాలు, కాథలిక్కు బైబిలులో 73. అవన్నీ చూసి బెదరకండి. మార్కు సువార్తలో 16 అధ్యాయాలే. రోజుకొకటి చదివితే 16 రోజులు. సాయంత్రం ఇత్తిహాద్ రోడ్డు మీద బండి కదలక నిలిచిపోయే సమయంలో ఒక అధ్యాయం వినేయవచ్చు. గ్రాంథిక తెలుగు కష్టమైతే వాడుక భాష అనువాదం తీసుకోండి. పిల్లలకు లిపి రాకపోతే మీరు చదవండి, వాళ్లు వింటారు. అర్థం కాని చోట పెన్సిలుతో గీత గీసి, తెలిసినవారిని అడగండి. బాగుపడ్డాక చదువుదామని మాత్రం ఆగకండి. జబ్బు తగ్గాక ఆసుపత్రికి వెళ్తామనేవాళ్లుంటారా?

ఆనాడు పేజీ తీసి చూపిన ఆ పాపకు నేను ధన్యవాదాలు చెప్పలేదు. ఇప్పుడు ఎక్కడుందో తెలియదు. ఆ బాకీ తీర్చడానికే, మన మధ్య ఎవరైనా పేజీ దొరక్క తడబడుతుంటే, ఏమీ అనకుండా తీసి చూపించి పక్కన కూర్చుంటున్నాను. మీరూ అలాగే చేయండి.