పన్ను లేని దేశంలో పన్ను నంబరు

(ఉగాది సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పండుగ పూట పద్యమో, పాటో, పచ్చడిలోని ఆరు రుచుల సంగతో చెప్పుకోవాలి గాని పన్నుల మాట ఏమిటని మీరు అనుకోవచ్చు. కార్యదర్శిగారు మమ్మల్ని మాట్లాడమన్నప్పుడు మేమూ అదే అన్నాము. కాని దక్షిణాఫ్రికా నుండి, మారిషస్ నుండి, మలేసియా నుండి కొత్తగా వచ్చిన మన తెలుగు సంతతి కుటుంబాలవారు మమ్మల్ని అడిగేది ఒకటే ప్రశ్న. "టీచరుగారూ, బ్యాంకువాళ్ళు ట్యాక్స్ నంబరు అడుగుతున్నారు. ఇక్కడ దాన్ని ఏ ఆఫీసులో ఇస్తారు?" పదిమంది అడిగిన ప్రశ్నకు పదిమందిలో జవాబు చెప్పడం మేలని ఈ విషయం ఎంచుకున్నాము. మాది సాయంకాలపు తరగతుల్లో నేర్చిన తెలుగు. తప్పులుంటే మన్నించండి.

ముందుగా జవాబు చెబుతాము. జీతం మీద బ్రతికే మనిషికి ఎమిరేట్స్ ప్రభుత్వం పన్ను నంబరు ఇవ్వదు. ఇక్కడ జీతం మీద ఆదాయపు పన్ను లేదు. పన్నే లేనప్పుడు దాని నంబరూ లేదు. కాబట్టి ఆ ఆఫీసు కోసం వెతకవద్దు. నంబరు ఇప్పిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వవద్దు.

అయితే మన చేతిలో వేరే నంబర్లు ఉన్నాయి. చిక్కు అక్కడే వస్తున్నది. వాటిని ఒక్కొక్కటిగా చూద్దాము.

మొదటిది ఎమిరేట్స్ ఐడి. వైద్య పరీక్ష అయి, వేలిముద్రలు ఇచ్చిన తరువాత ఈ కార్డు వస్తుంది. దాని మీద 15 అంకెలు ఉంటాయి. మొదటి మూడు 784. అది ఈ దేశానికి అంతర్జాతీయంగా ఇచ్చిన సంకేతం. తరువాతి నాలుగు మనం పుట్టిన సంవత్సరం. ఆపైన ఏడంకెలు, చివర సరిచూసుకోవడానికి ఒకటి. కార్డు మారినా ఈ సంఖ్య మారదు. 2022 నుండి పాస్‌పోర్టులో నివాస వీసా ముద్ర అంటించడం మానేశారు గనుక మనం ఇక్కడ ఉంటున్నామని చెప్పేది ఈ కార్డే. ఇది మనిషిని గుర్తించే సంఖ్య. పన్ను సంఖ్య కాదు.

రెండవది టి.ఆర్.ఎన్. అనే నమోదు సంఖ్య. దీన్ని ఫెడరల్ ట్యాక్స్ అథారిటీ ఇస్తుంది. ఇదీ 15 అంకెలదే కావడం వల్ల చాలామంది పొరబడుతున్నారు. 2018 జనవరి 1 నుండి ఇక్కడ 5 శాతం వ్యాట్ వచ్చింది. 2023 జూన్ నుండి మొదలైన లెక్కల సంవత్సరాలకు వ్యాపార లాభాల మీద పన్ను వచ్చింది. దుకాణం, ట్యూషను, సంగీతం క్లాసు వంటివి సొంతంగా నడిపే మనిషి రాబడి ఒక క్యాలెండరు సంవత్సరంలో 10 లక్షల దిర్హాములు దాటితే ఈ లాభాల పన్నుకు పేరు నమోదు చేసుకోవాలి. జీతమూ, సొంత పొదుపు మీద వచ్చే రాబడీ ఈ లెక్కలోకి రావు. కాబట్టి మనలో ఎక్కువమందికి ఈ నంబరు అక్కరలేదు.

మూడవది మనం విడిచి వచ్చిన దేశపు నంబరు. దక్షిణాఫ్రికావారికి అక్కడి పన్ను శాఖ ఇచ్చిన పదంకెల సంఖ్య ఉంటుంది. తాతల జిల్లా వెతుక్కుంటూ వెళ్ళి విశాఖపట్నంలోనో తిరుపతిలోనో ఫ్లాటు కొన్నవారికి భారతదేశపు పాన్ ఉంటుంది. అందులో ఐదు అక్షరాలు, నాలుగు అంకెలు, మళ్ళీ ఒక అక్షరం. నాలుగవ అక్షరం పి అయితే అది వ్యక్తిది అని అర్థం. పాన్ ఉన్నంత మాత్రాన భారత పౌరులమూ కాము, అక్కడి పన్ను నివాసులమూ కాము. ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి.

ఇక బ్యాంకు కాగితం సంగతి. అది ఎందుకు వచ్చిందో తెలిస్తే భయం పోతుంది. ఒక దేశంలో ఉంటూ మరో దేశంలో డబ్బు దాచేవారి ఖాతాల వివరాలు దేశాలు పరస్పరం తెలుపుకోవాలని ఓ.ఇ.సి.డి. అనే దేశాల సంస్థ 2014లో ఒక పద్ధతి ఏర్పరచింది. ఎమిరేట్స్ 2018 నుండి ఆ వివరాలు ఇచ్చిపుచ్చుకుంటున్నది. అందుకే బ్యాంకు మన చేత ఒక ప్రకటన రాయించుకుంటుంది. మీరు ఏ దేశపు పన్ను నివాసి? అక్కడి నంబరు ఎంత? నంబరు లేకపోతే కారణం ఏమిటి? ఇవే ప్రశ్నలు. సామాన్యంగా కారణాలు మూడు అచ్చు వేసి ఉంటాయి. వాటిలో మొదటిది, ఆ దేశం తన నివాసులకు అటువంటి నంబరు ఇవ్వదు అన్నది. ఎమిరేట్స్‌లోనే నివాసమున్న జీతగాడు గీత పెట్టవలసింది అక్కడ.

ఇంత తేలికైన పనిలో మేము పొరబాటు చేశాము. అది చెప్పకుండా పాఠం చెప్పడం న్యాయం కాదు.

మేము ఇక్కడ ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో ఒక బ్యాంకులో ఈ కాగితం ఇచ్చారు. గడి ఖాళీగా ఉంటే బాగుండదని మా డర్బన్ పన్ను నంబరు రాసేశాము. దేశం పేరు దక్షిణాఫ్రికా అని రాశాము. పిల్లలకు "తెలియని జవాబు ఊహించి రాయకండి" అని నలభై ఏళ్ళు చెప్పిన మేము ఊహించి రాశాము. దాని అర్థం ఏమిటి? మేము ఇక్కడ నివసిస్తూ, పన్నుకు మాత్రం అక్కడివాళ్ళమని మా చేతితో ఒప్పుకున్నాము.

రెండేళ్ళ తరువాత అక్కడి నుండి ఉత్తరం వచ్చింది. ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా లెక్క చూపమన్నారు. 2020 మార్చి 1 నుండి అక్కడి చట్టం మారిందని మీకు తెలుసు. అంతకు ముందు పరాయి దేశంలో తగినన్ని రోజులు ఉండి చేసిన ఉద్యోగపు జీతానికి పూర్తి మినహాయింపు ఉండేది. ఆనాటి నుండి దానికి 12 లక్షల 50 వేల రాండ్ల హద్దు పెట్టారు. మా జీతం ఆ హద్దు దాటలేదు. కాని మినహాయింపు జీతానికే. చెల్లెలి కూతురి చదువు కోసం మేము దాచిన సొమ్ము మీది వడ్డీకి అది లేదు. ఏ రోజు ఏ దేశంలో ఉన్నామో రుజువులు వెతకడానికి మాకు ఏడాది పట్టింది. ఆ ఏడాదీ ఆ సొమ్ము ముట్టుకోవడానికి భయపడ్డాము. ఆ పిల్ల కాలేజీలో చేరడం ఒక సంవత్సరం వెనకబడింది. తప్పు బ్యాంకుది కాదు, ప్రభుత్వాలదీ కాదు. చదవకుండా సంతకం పెట్టిన మాది.

అప్పుడు మమ్మల్ని గట్టెక్కించినది నంబరు కాదు, ఒక ధ్రువపత్రం. దాన్ని పన్ను నివాస ధ్రువపత్రం అంటారు. నంబరు లేని ఈ దేశంలో నంబరు చేయవలసిన పని చాలావరకు అదే చేస్తుంది. కొత్తగా వచ్చినవారు దీని పేరు రాసుకోండి.

దీన్ని కూడా ఫెడరల్ ట్యాక్స్ అథారిటీయే ఇస్తుంది. ఎమారాట్యాక్స్ అనే వారి సేవలో, ఇంట్లో కూర్చుని దరఖాస్తు చేయవచ్చు. ఎవరు నివాసి అన్నది 2023 మార్చి 1 నుండి అమలైన నిబంధనల్లో స్పష్టంగా ఉంది. వరుసగా 12 నెలల కాలంలో 183 రోజులు గాని, అంతకు మించి గాని ఇక్కడ ఉన్నవారు నివాసులే. నివాస అనుమతి ఉండి, ఇక్కడ స్థిరమైన ఇల్లో ఉద్యోగమో ఉన్నవారికి 90 రోజులు చాలు. రోజులు ఏకధాటిగా ఉండనక్కరలేదు. దేశాల మధ్య పన్ను ఒప్పందాలు ఒక్కొక్కటి ఒక్కో తీరు గనుక ఏ దేశానికి చూపడానికో దరఖాస్తులోనే చెప్పాలి. దక్షిణాఫ్రికాతో ఒప్పందం 2016 నుండి అమల్లో ఉంది.

దరఖాస్తుకు కావలసినవి ఇవి. పాస్‌పోర్టు, ఎమిరేట్స్ ఐడి, జీతపు ధ్రువపత్రం, బ్యాంకు లెక్క, నమోదైన ఇంటి అద్దె ఒప్పందం, దేశంలోకి వచ్చిన, వెళ్ళిన రోజుల పట్టిక. దుబాయిలో అద్దె నమోదును ఈజారీ అంటారు, అబూధాబీలో తౌథీక్ అంటారు. అద్దె ఒప్పందం భర్త పేర ఒక్కరి పేరే ఉంటే భార్యకు చిక్కు వస్తుంది. వీలైతే ఇద్దరి పేర్లూ వేయించండి.

ఈ కాగితాలన్నీ బల్ల మీద పరచుకుని కూర్చున్న రాత్రి మాకు మా తాతగారి కాగితం గుర్తుకు వచ్చింది. మీ ఇళ్ళలోనూ అటువంటివి ఉండే ఉంటాయి.

1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుండి డర్బన్ చేరింది. అప్పటి నుండి 1911 వరకు నేటాల్‌కు వచ్చిన ఒప్పంద కూలీలు 1,52,184 మంది. ప్రతి మనిషికీ ఒక నంబరు వేశారు. ఓడ పట్టికలో ముందు నంబరు, తరువాత పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు. ఆ నంబరు వాళ్ళు అడిగి తీసుకున్నది కాదు. అందులో ఏమి రాసి ఉందో చాలామంది చదవనూ లేరు.

1895లో అక్కడి ప్రభుత్వం ఇంకో చట్టం చేసింది. ఒప్పందం తీరిన కూలీ తిరిగి ఒప్పందంలో చేరకుండా, స్వదేశం వెళ్ళకుండా అక్కడే ఉండదలిస్తే ఏటా 3 పౌన్లు కట్టి అనుమతి పత్రం తీసుకోవాలి. ఒప్పందం మొదటి ఏడాది జీతం నెలకు 10 షిల్లింగులు. అంటే ఆ పన్ను ఆరు నెలల జీతం. తరువాత 16 ఏళ్ళు నిండిన కొడుకుల మీద, 13 ఏళ్ళు నిండిన కూతుళ్ళ మీద కూడా వేశారు. 1913లో గనుల్లో, చెరకు తోటల్లో మనవాళ్ళు సమ్మె చేశారు. జైళ్ళకు వెళ్ళారు. 1914లో ఆ పన్ను పోయింది.

మా తాతగారు ఆ పన్ను కట్టిన రసీదును పెట్టెలో బట్టల అడుగున దాచుకున్నారు. పన్ను పోయిన తరువాత కూడా పారవేయలేదు. "ఇక్కడ ఉన్నామని చెప్పడానికి నా దగ్గర ఇంకేముంది?" అనేవారట. మా నాన్నగారు చెప్పారు. చిన్నప్పుడు మాకు అది చాదస్తంగా తోచింది. ఆ రాత్రి అర్థమైంది.

ఆ రసీదులో ఇంకో పాఠం కూడా ఉంది. ఓడ పట్టికలో తాతగారి పేరు ఒక తీరు, రసీదులో ఒక తీరు, నాన్నగారి పుట్టుక పత్రంలో అదే పేరు ఇంటిపేరుగా మూడో తీరు. ఇంటిపేరు పోయి తాత పేరే ఇంటిపేరైన కుటుంబాలు మనలో ఎన్నో. ఇక్కడ అద్దె ఒప్పందంలో ఒక అక్షరం తేడా ఉన్నా దరఖాస్తు వెనక్కు వస్తుంది. మాది ఒకసారి వచ్చింది. అందుచేత వచ్చిన మొదటి వారంలోనే పాస్‌పోర్టులో ఉన్న వరసలోనే అన్నిచోట్లా పేరు రాయించండి.

మా మాట ఇంతే. తెలుగులో పన్ను అంటే నోట్లోదీ, సర్కారుదీ రెండూ. నొప్పి వచ్చేదాకా దేన్నీ పట్టించుకోము. కాగితం ఇస్తే ఇంటికి తెచ్చి చదవండి. లేని నంబరును లేదనే రాయండి. ఉన్న నంబరు దేనిదో తెలుసుకుని రాయండి. ఏ రోజున ఎక్కడ ఉన్నారో ఒక నోటు పుస్తకంలో రాసుకోండి, అద్దె కాగితాలు ఏడాదికేడాది దాచండి. చదవలేని నంబరుతో మన తాతలు బ్రతికారు. మనం చదవగలం. వాళ్ళు ఎండలో చెరకు నరికి మనల్ని బడికి పంపినది అందుకే.

సభ అయిన తరువాత మేము వెనుక బల్ల దగ్గర కూర్చుంటాము. ఎవరి దగ్గరైనా ఇటువంటి కాగితం ఉంటే తీసుకురండి. కలిసి చదువుదాము.