బ్యాటరీ బండి: తాళంచెవి ఎవరి దగ్గర?

(స్త్రీల సంఘాలు, స్వచ్ఛంద సంస్థల కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



వికలాంగ స్త్రీల హక్కుల మీద మాట్లాడమని నన్ను పిలిచారు. చట్టాల గురించి మీరు చాలా సమావేశాల్లో వినే ఉంటారు. అందుకని ఇవాళ ఒక వస్తువు గురించి మాట్లాడదలచుకున్నాను. కాళ్ళు సహకరించని మనిషి కూర్చుని తానే నడుపుకునే బ్యాటరీ బండి. దీన్నే మొబిలిటీ స్కూటర్ అంటున్నారు. పట్నాల్లో కాస్త డబ్బున్న ఇళ్ళలో పెద్దవాళ్ళు వాడే, సీటు పక్కకు తిరిగే చిన్న స్కూటరు ఒక రకం. మన మండలాల్లో శిబిరాలు పెట్టి ఇచ్చే మూడు చక్రాల బ్యాటరీ ట్రైసైకిలు ఇంకో రకం. రెండింటిలోనూ ఉండేవి అవే. బ్యాటరీ, మోటారు, చేత్తో నడిపే యాక్సిలరేటరు, బ్రేకు.

ఇలాంటి స్కూటరును 1968లో అమెరికాలోని మిచిగన్ రాష్ట్రంలో అలన్ థీమ్ అనే ఆయన తయారుచేశాడు. మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బుతో నడక పోయిన తన భార్య కోసం చేశాడు. అంటే ఈ బండి మొదట ఒక స్త్రీ కోసం పుట్టింది. మన దగ్గర అది స్త్రీ చేతికి ఎంతవరకు వచ్చిందన్నదే నా ప్రశ్న.

2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద 2.68 కోట్ల మంది వికలాంగులు నమోదయ్యారు. వారిలో స్త్రీలు 1.18 కోట్లు, అంటే 44 శాతం. కదలికకు సంబంధించిన వైకల్యం ఒక్కటే తీసుకుంటే సుమారు 54 లక్షల మందిలో స్త్రీలు 20.7 లక్షలు, 38 శాతమే. రోడ్డు ప్రమాదాలు, పనిలో ప్రమాదాలు మగవాళ్ళకు ఎక్కువ కనుక కొంత తేడా నిజమే కావచ్చు. కానీ ఇంటింటికీ తిరిగిన మీకు ఇంకో సంగతీ తెలుసు. కుంటుతూనో, నేలమీద పాకుతూనో వంట చేసి పెట్టే ఆడమనిషిని ఇంట్లోవాళ్ళు వికలాంగురాలిగా చెప్పరు. ఇంటి పనికి సరిపోతోంది కదా అనుకుంటారు. లెక్కలోకే రాని మనిషి బండికి దరఖాస్తు ఎలా పెడుతుంది?

లెక్కలోకి వచ్చి, ధ్రువపత్రం తెచ్చుకుని, బండి కూడా సంపాదించుకున్న ఒకామెతో నేను మాట్లాడాను. నలభై దాటిన మనిషి, చిన్నప్పుడు పోలియో వచ్చింది. బండి ఆమె పేరు మీద ఉంది, శిబిరం ఫోటోలో కూర్చున్నదీ ఆమే. రెండు నెలలు తిరక్కుండానే ఆ బండి మీద పాలకేంద్రానికి వెళ్తున్నది తమ్ముడు. “నీకెందుకక్కా, ఎక్కడన్నా పడిపోతావు” అన్నాడట. ప్రేమతోనే అన్నాడని ఆమె నాకు రెండుసార్లు చెప్పింది. ఆ ప్రేమను నేను శంకించడం లేదు. కానీ స్త్రీలను ఇంట్లో ఉంచడానికి ‘భద్రత’ అనే మాట మనకు కొత్తది కాదు. సైకిలు దగ్గరా విన్నాం, కాలేజీ దగ్గరా విన్నాం. 1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టైలో అక్షరాస్యతా ఉద్యమం వేలాది గ్రామీణ స్త్రీలకు సైకిలు నేర్పినప్పుడు అక్కడి ఆడవాళ్ళూ ఇలాంటి మాటలు పడ్డారు. జాగ్రత్తగా నడపడం, బండిని బాగా చూసుకోవడం ఆ మనిషికే వస్తే, భద్రత పేరుతో తాళంచెవి తీసుకోవడం అంత సులువు కాదు. అందుకే ఇప్పుడు కాస్త మెకానిక్కు భాష మాట్లాడతాను, ఓపికపట్టండి.

ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ తాళం ఆఫ్‌లో ఉండాలి. హ్యాండిలు పట్టుకుని లేవబోతే చెయ్యి యాక్సిలరేటరు మీద పడుతుంది, బండి ఒక్కసారి ముందుకు దూకుతుంది. బరువు సీటు చేతుల మీద మోపాలి గానీ హ్యాండిలు మీద కాదు. కూర్చున్నాక కొంగు నడుముకు దోపుకోవాలి, చున్నీ అయితే రెండు కొసలూ ముడి వేసుకోవాలి. శిక్షణ ఇవ్వడానికి వచ్చే మెకానిక్కులు దాదాపు అందరూ మగవాళ్ళే, చక్రంలో పడే చీరకొంగు వాళ్ళకు తట్టదు. వాళ్ళు హెల్మెట్ గురించి చెబుతారు, అదీ కావలసిందే. వెన్నెముక దెబ్బతిన్న స్త్రీలకు పాదంలో స్పర్శ ఉండదు. పాదం పలక మీంచి జారి నేలకు రాసుకుపోయినా తెలియదు. పాదాన్ని పట్టీతో నిలపాలి, ఇంటికి రాగానే అరికాళ్ళు చూసుకోవాలి. అరగంటకోసారైనా చేతుల మీద కాస్త పైకి లేవాలి, లేకపోతే పుండ్లు పడతాయి.

వాలు తిన్నగా ఎక్కాలి, తిన్నగా దిగాలి. అడ్డంగా పోతే బండి తిరగబడుతుంది. మూడు చక్రాల బండికి ముందు ఒకటే చక్రం గనుక మలుపులో పక్కకు ఒరుగుతుంది. అందుకని మలుపు రాకముందే వేగం తగ్గించాలి. వెనక బియ్యం బస్తా వేసుకుని ఎత్తు ఎక్కితే ముందు చక్రం తేలిపోతుంది. సీటు తిరిగే స్కూటర్లలో యాక్సిలరేటరు వదలగానే బ్రేకు దానంతటదే పడుతుంది. బండిని చేత్తో తోసుకోవడానికి ఒక మీట ఉంటుంది. దాన్ని తిప్పితే ఆ బ్రేకు పనిచేయదు. సాయం చేయబోయి ఆ మీట తిప్పేవాళ్ళు ఉంటారు. మనిషి కూర్చుని ఉండగా, అందులోనూ వాలు మీద, దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. ట్రైసైకిళ్ళకు చేతి బ్రేకు ఉంటుంది. రోజూ రోడ్డెక్కే ముందు వాకిట్లోనే నెమ్మదిగా నడిపి బ్రేకు పడుతోందో లేదో చూసుకోవాలి. వాన నీళ్ళు నిలిచిన దారిలో వెళ్ళకపోవడమే మంచిది. మోటారు తడవడం ఒక్కటే కాదు, నీళ్ళ కింద గుంట ఉందో మ్యాన్‌హోల్ ఉందో తెలియదు.

అన్నిటికంటే ఎక్కువ బండ్లను మూలన పడేసేది బ్యాటరీ. చాలా బండ్లలో 12 వోల్టుల సీసపు బ్యాటరీలు రెండు కలిపి 24 వోల్టులు చేస్తారు. సీసపు బ్యాటరీని ఖాళీగా వదిలేస్తే లోపలి పలకలు గట్టిపడి మళ్ళీ ఛార్జింగు పట్టదు. అందుకని వాడిన ప్రతిరోజూ ఛార్జింగు పెట్టాలి. వాడకపోయినా పదిహేను రోజులకోసారి పెట్టాలి. జ్వరమొచ్చో, పుట్టింటికి పోయో రెండు నెలలు వదిలేసిన బండి ఎందుకు కదలడంలేదో చాలామందికి ఎవరూ చెప్పలేదు. బండితో ఇచ్చిన ఛార్జరే వాడాలి. లిథియం బ్యాటరీ ఉన్న బండి అయితే ఈ మాట రెండుసార్లు చెప్పండి, వేరే ఛార్జరు పెడితే అగ్గి అంటుకునే ప్రమాదముంది. ఛార్జింగులో ఉన్నప్పుడు సీసపు బ్యాటరీ నుంచి మండే వాయువు వస్తుంది కనుక పొయ్యి దగ్గర, మూసిన గదిలో పెట్టకూడదు. మంచం పక్కన, గుమ్మానికి అడ్డంగా కూడా వద్దు. మంట లేస్తే పరుగెత్తలేని మనిషికి ఆ గుమ్మం ఒక్కటే దారి. ఎర్తింగు ఉన్న మూడు పిన్నుల ప్లగ్గు కావాలి.

మరి ఆ ప్లగ్గు ఇంట్లో ఎక్కడుంది? తలుపు వెనక నిలువెత్తున ఉంటే కూర్చున్న మనిషికి అందదు. రాత్రి ఎవరో పెట్టాలి, మర్చిపోతే మర్నాడు ఆమె ఇంట్లోనే. ఆ ప్లగ్గును కిందికి దింపించడాన్ని నేను హక్కుల పనిగానే చూస్తాను.

బ్యాటరీలు ఎంత బాగా చూసుకున్నా కొన్నేళ్ళకు పోతాయి. మార్చేటప్పుడు రెండూ ఒకేసారి, ఒకే రకానివి మార్చాలి. అది వేలల్లో ఖర్చు. వికలాంగుల పింఛను తెలంగాణలో 2023లో 4,016 రూపాయలకూ, ఆంధ్రప్రదేశ్‌లో 2024లో 6,000 రూపాయలకూ పెరిగింది. పింఛను ఇంటి ఖర్చులో కలిసిపోయే చోట బ్యాటరీ కోసం నెలకు కొంత విడిగా దాచుకోవడం ఎలాగో మీ పొదుపు సంఘాల్లో చర్చించండి. పాత బ్యాటరీని పాత సామాన్ల వాడికి వేయకండి, పగలగొట్టి సీసం కరిగించేది ఎక్కడో ఎవరి పిల్లల పక్కనో. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం పాతవాటిని సేకరించే బాధ్యత తయారీదారులది, అమ్మిన దుకాణంలోనే ఇవ్వండి.

ఇక చట్టం. మోటారు శక్తి 0.25 కిలోవాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉన్న బ్యాటరీ బండి, కొన్ని షరతులకు లోబడి, మోటారు వాహనం కిందికే రాదు. లైసెన్సు లేదని దారిలో బెదిరిస్తే ఈ సంగతి చెప్పాలి. అంతకు మించినదైతే లైసెన్సు కావాలి. 1988 మోటారు వాహనాల చట్టం ఇలాంటి వాటిని ‘ఇన్‌వాలిడ్ క్యారేజ్’ అనేది. పనికిరాని మనిషి బండి అన్న అర్థం ధ్వనించే ఆ మాట 2019 సవరణలో గానీ పోలేదు.

మీరు తప్పక చదవవలసింది 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 92వ సెక్షను. వికలాంగుల సహాయక పరికరాన్ని కావాలని పాడుచేసినా, దాని వాడకానికి అడ్డుపడినా ఆరు నెలలకు తగ్గకుండా ఐదేళ్ళ దాకా జైలు, జరిమానా. నేను చదివినంతలో ఇంట్లోవాళ్ళకు అందులో మినహాయింపు లేదు. తాళంచెవి దాచిపెట్టడం వాడకానికి అడ్డుపడటం కాదా? తమ్ముడి మీద కేసు పెట్టమని నేను ఆమెకు చెప్పలేదు. ఆమె రోజూ తినేది ఆ ఇంట్లోనే. సెక్షను సంగతి మాత్రం చెప్పాను. తర్వాత అక్కడి సంఘం కార్యకర్త వెళ్ళి ఇంట్లోవాళ్ళందరినీ కూర్చోబెట్టి మాట్లాడింది. ఇప్పుడు పొద్దున పాలకేంద్రానికి తమ్ముడు తీసుకెళ్తాడు, తొమ్మిది తర్వాత బండి ఆమెది. ఇది గెలుపో రాజీయో నాకింకా తేలలేదు.

బండి నడిపే స్త్రీ ఎంత జాగ్రత్తగా ఉన్నా దారి ఆమె చేతిలో లేదు. కాలిబాట వెడల్పు కనీసం 1.8 మీటర్లు, ఎత్తు 15 సెంటీమీటర్లకు మించకుండా ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లోనే రాసింది. 2024 నవంబర్‌లో రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు, ఇలాంటి ప్రమాణాలు సలహాలుగా మిగిలిపోకూడదని, తప్పనిసరిగా పాటించవలసిన నియమాలు చేయాలని కేంద్రానికి చెప్పింది. ఆ కేసులో కోర్టు ఆధారం చేసుకున్న నివేదిక మన హైదరాబాదులోని నల్సార్ విశ్వవిద్యాలయం వికలాంగ అధ్యయన కేంద్రం తయారుచేసినదే. మీ మునిసిపాలిటీకి అర్జీ రాసేటప్పుడు ఈ తీర్పు పేరు పెట్టండి.

చివరగా, మీ మండలంలో బండ్ల పంపిణీ జరిగే రోజు ఒకరైనా అక్కడ ఉండండి. ఫోటో అయిపోయాక శామియానా విప్పేలోగా చేయించవలసిన పనులున్నాయి. ప్రతి స్త్రీ చేతా బండి నడిపించాలి, బ్రేకు వేయించాలి, ఛార్జరు ఆమె చేతనే పెట్టించి తీయించాలి. వారంటీ కాగితం, మరమ్మతు కేంద్రం ఫోను నంబరు తెలుగులో రాసి ఆమెకే ఇవ్వాలి. తాళంచెవులు రెండు ఇస్తారు, రెండోది ఎవరి దగ్గర ఉంచాలో ఆమెనే అడగండి.