సొత్తుకు చట్టముంది, ఇంటికో?



ఈ ఉపన్యాసనిధి ఒక న్యాయవాది పేర వెలిసింది కనుక కేసుతోనే మొదలుపెడతాను. 2018 సెప్టెంబరులో హైదరాబాదు పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో దొంగలు పడ్డారు. వెంటిలేటరు గుండా తాడు పట్టుకుని దిగి, వజ్రాలు పొదిగిన బంగారు టిఫిన్ డబ్బా, కప్పు, సాసరు, చెంచా ఎత్తుకుపోయారు. రెండు వారాలు తిరక్కుండానే దొరికారు. వాళ్లలో ఒకడు ఆ డబ్బాలో భోంచేశాడని కూడా పోలీసులు చెప్పారు. ఆ పురానీ హవేలీ ఆరో నిజాం కాపురమున్న ఇల్లు. ఇంట్లో వస్తువు పోతే చట్టం అంత చురుగ్గా కదిలింది. మరి ఇల్లే పోతే?

దివాన్ దేవిడీ సంగతి చూడండి. అది నిజాంల దివాన్లైన సాలార్‌జంగుల నివాస భవంతి. మూడో సాలార్‌జంగ్ 1949లో కన్నుమూశాక, ఆయన కూడబెట్టిన వస్తువులతో 1951లో అక్కడే మ్యూజియం తెరిచారు. ఆ వస్తువుల కోసం 1961లో పార్లమెంటు ప్రత్యేకంగా ఒక చట్టమే చేసింది. 1968లో అవి మూసీ ఒడ్డున కొత్త భవనానికి చేరాయి. దేవిడీ మాత్రం ముక్కలైపోయింది. అక్కడిప్పుడు దుకాణాలు.

దొంగతనమంటే చరాస్తిని ఎత్తుకుపోవడం. గోడకు బిగించి ఉన్నంతసేపూ తలుపు చరాస్తి కాదు, ఊడబెరికిన క్షణం నుంచి అవుతుంది. 1860 నాటి శిక్షాస్మృతిలోని ఈ వివరణే 2023 నాటి భారతీయ న్యాయ సంహితలోకీ వచ్చింది. కాబట్టి పాతింటి టేకు ద్వారబంధం పీక్కుపోయినవాడు దొంగే. పీకించి అమ్మేది ఇంటి వారసుడే అయితే? తన సొమ్ము తాను అమ్ముకున్నాడంతే! వ్యాపారి ముందు గుమ్మం కొంటాడు, తర్వాత కిటికీలు, చివరికి దూలాలు. నాలుగు వానలకు మిద్దె కూలుతుంది. ఆపైన శిథిల భవనమంటూ మున్సిపాలిటీ నోటీసు వస్తుంది.

1972 పురావస్తు చట్టం, కట్టడం నుంచి ఊడదీసిన నూరేళ్లు దాటిన వస్తువును కూడా పురావస్తువుగానే లెక్కిస్తుంది. సంతోషం. అయితే దాని కన్ను ముఖ్యంగా దేశం దాటించేవారి మీద. లైసెన్సు కావాల్సింది వ్యాపారికి, ఒక్కసారి అమ్ముకునే ఇంటాయనకు కాదు. జాతీయ ప్రాముఖ్యం గల రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే 2010 సవరణ ప్రకారం రెండేళ్ల వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఆ జాబితాకెక్కిన ఇళ్లు మాత్రం బహు తక్కువ.

హైదరాబాదు వారసత్వ కట్టడాలను కాపాడిన, పట్టణాభివృద్ధి నిబంధనల్లోని పదమూడో నిబంధనను 2015లో రద్దు చేశారు. 2017లో తెలంగాణకు వారసత్వ చట్టం వచ్చింది. అయినా అసెంబ్లీ కోసం ఎర్రమంజిల్ ప్యాలెస్‌ను కూల్చాలన్న నిర్ణయాన్ని ఆపడానికి 2019లో హైకోర్టు తీర్పే అవసరమైంది. ప్రతి దేవిడీకీ రిట్ వేసేవాళ్లెక్కడ దొరుకుతారు?

యజమానులను తిట్టి లాభం లేదు. గచ్చు, సున్నం పని తెలిసిన మేస్త్రీ దొరకడు, దొరికినా కూలి ఇచ్చుకోలేరు. ప్రభుత్వం కూల్చొద్దని చెప్పి ఊరుకోకుండా, ఇంటిపన్ను మాఫీ చేసి మరమ్మతు ఖర్చులో పాలు పంచుకోవాలి. అది లేని నిషేధం కాగితానికే పరిమితమని నా అభిప్రాయం.

సభలో పాతిళ్లున్నవారికి ఒక మనవి. వాటాల పంపకానికి కూర్చునే ముందు తలుపులు, స్తంభాలు, దూలాల ఫోటోలు తీసి, కొలతలు, చెక్కడంలోని గుర్తులు రాయించి పంపకం దస్తావేజుకు జతచేయండి. రేపు ఏ గుమ్మమో పోయి పోలీసు స్టేషనుకు వెళ్తే, అది మీదేనని చూపడానికి ఆ కాగితం కావాలి.